ఆ పది రోజులూ...

వంటింటి గోడకి తెలుగు క్యాలెండర్. గళ్ల నిండా అమ్మ రాతలే. పాలు రాని రోజు అడ్డగీత. గ్యాస్ బండ వచ్చిన రోజు 'గ్యా'. చిట్టీ కట్టాల్సిన తేదీ చుట్టూ సున్నా. వీటి మధ్య నెలకోసారి ఎర్ర పెన్నుతో ఓ చిన్న చుక్క. అది కూతురి 'డేట్'. ఇంట్లో వ్రతం పెట్టుకోవాలన్నా, యాదగిరిగుట్టకు పోవాలన్నా, బంధువుల పెళ్లికి టికెట్లు తీయాలన్నా ముందు ఆ చుక్క చూస్తారు. వేళ్ల మీద లెక్కపెడతారు. తర్వాతే ఏదైనా ఖాయం చేస్తారు.

బోరబండ సైట్-త్రీ సందుల్లో రెండు గదుల ఇల్లు అనుకుందాం. తల్లీ తండ్రీ, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ ఓ కంపెనీ బ్యాక్ ఆఫీసులో ఉద్యోగం. జీతంలో సగం ఇంటి అద్దెకీ తమ్ముడి ఫీజుకీ పోతుంది. నెలలో ఇరవై రోజులు ఆ పిల్లని చూసి వాడకట్టంతా ముచ్చటపడుతుంది. మిగతా పది రోజులూ ఇంట్లో వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

ముందు నిద్ర పాడవుతుంది. తర్వాత కూరలో ఉప్పు తక్కువైందన్న చిన్న మాటకే కళ్లనీళ్లు. తమ్ముడు టీవీ సౌండ్ పెంచితే రిమోట్ వెళ్లి గోడకి తగులుతుంది. ఆఫీసులో టీమ్ లీడర్ మామూలుగా ఏదో అడిగినా 'నన్ను తీసేయాలని చూస్తున్నారు' అన్న అనుమానం. రైలు దిగి ఇంటికి నడుస్తుంటే ఏ కారణం లేకుండానే 'నేనెందుకు బతకాలి' అన్న ఆలోచన. రాజీనామా మెయిల్ టైపు చేసి దాచుకుంటుంది. ఒక్కో నెల పంపేస్తుంది కూడా.

'ఏమైంది బిడ్డా, నిన్నటిదాంక మంచిగనే ఉన్నవ్ గద' అంటుంది తల్లి. 'గాలి సోకింది, దిష్టి తియ్యున్రి' అంటుంది నాయనమ్మ. మాటా మాటా పెరిగితే తమ్ముడి నోటి నుంచి వచ్చేది ఒకటే... 'అక్కను ఎర్రగడ్డల ఎయ్యాలె!'

ఓ పొద్దున నెలసరి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మబ్బు విడిపోయినట్టు మనసు తేటపడుతుంది. ఆ పిల్లే తమ్ముడిని దగ్గరికి తీసుకుంటుంది. టీమ్ లీడర్‌కి క్షమాపణ చెబుతుంది. 'ఈసారి మళ్లీ ఇలా చేయను' అని ఒట్టు పెట్టుకుంటుంది. సరిగ్గా రెండున్నర వారాలకి ఒట్టు గట్టున పడుతుంది.

ఈ ఇల్లు ఊహించి చెప్పిందే. లక్షణాలు మాత్రం వైద్య పుస్తకాల్లో ఉన్నవే. వాళ్లు దీన్ని 'ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్' అంటారు. పొట్టిగా పీఎండీడీ. నోరు తిరగని పేరే. తెలుగులో నలుగురికీ తెలిసిన మాట ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా 'నెలసరికి ముందు మనసు అతలాకుతలమయ్యే జబ్బు' అనుకోవడం తప్ప దారి లేదు.

'నెలసరికి ముందు చిరాకు అందరికీ ఉండేదే, దీనికి జబ్బని పేరెందుకు?' అని ఏ అత్తగారో అంటే తప్పుపట్టలేం. రొమ్ముల్లో సలపరం, కడుపుబ్బరం, కాస్త విసుగు... ఇవి చాలామంది ఆడవాళ్లకి అనుభవమే. దాన్ని పీఎంఎస్ అంటారు. కానీ జలుబుకీ న్యుమోనియాకీ ఉన్నంత తేడా ఉంది ఈ రెండింటికీ. పీఎండీడీ అనాలంటే వైద్యులకి పదకొండు లక్షణాల పట్టిక ఉంది. వాటిలో కనీసం అయిదు ఉండాలి. ఆ అయిదులో ఒక్కటైనా మనసుకి సంబంధించినది కావాలి. అంటే క్షణక్షణం మారే మూడ్, పట్టలేని కోపం, తీవ్రమైన దిగులు, ఒళ్లంతా బిగుసుకుపోయేంత ఆందోళన... వీటిలో ఏదో ఒకటి. పైగా అవి నెలసరికి ముందు వారంలో ఉండి, వచ్చిన కొద్ది రోజుల్లో తగ్గిపోయి, ఆ తర్వాతి వారం దాదాపు కనిపించకుండా పోవాలి. చదువునో, ఉద్యోగాన్నో, ఇంట్లో వాళ్లతో సంబంధాన్నో దెబ్బతీసేంతగా ఉండాలి. కొందరికి ఆ ఒక్క వారంతో పోదు. అండం విడుదలైన నాటి నుంచే మొదలై రెండు వారాలు పీడిస్తుంది.

ఎంతమందికి ఉంటుంది? ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో ఓ అంచనా వేశారు. రోజువారీ లక్షణాలు రాయించి గట్టిగా నిర్ధారించిన వాళ్లనే తీసుకుంటే నూటికి 1.6 మంది. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. వెయ్యిమంది ఆడపిల్లలు చదివే కాలేజీలో పదహారు మంది అనుకుంటే అంత చిన్నదేం కాదు.

రిపోర్టులన్నీ నార్మల్!

ఈ జబ్బున్న అమ్మాయికి ఎదురయ్యే పెద్ద చిక్కు రక్తపరీక్ష దగ్గరే వస్తుంది. ఏదో హార్మోన్ తేడా ఉందని ల్యాబ్‌కి పంపిస్తారు. వేలు ఖర్చవుతాయి. రిపోర్టు చూస్తే అన్నీ నార్మల్. 'చూసినవా, ఏం లేదన్నడు డాక్టర్. అంతా నీ మనసుల ఉంది' అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. అప్పటిదాకా జబ్బనుకున్నది ఆ క్షణం నుంచి పొగరైపోతుంది.

అసలు సంగతి ఏమిటంటే పీఎండీడీ ఉన్నవాళ్ల హార్మోన్లు నార్మల్‌గానే ఉంటాయి! ఈ విషయాన్ని తేల్చింది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం. 1998లో వాళ్ల పరిశోధన అచ్చయింది. నెలసరికి ముందు తీవ్రంగా బాధపడే ఆడవాళ్లని, ఏ బాధా లేనివాళ్లని తీసుకున్నారు. మందుతో అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపారు. బాధపడే వాళ్లలో చాలామందికి లక్షణాలు తగ్గాయి. అప్పుడు అందరికీ మామూలు మోతాదులోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ మళ్లీ ఇచ్చి చూశారు. మొదటి గుంపులో వాళ్లకి దిగులు తిరిగొచ్చింది. రెండో గుంపులో వాళ్లకి ఏమీ కాలేదు. హార్మోన్ ఒకటే, మోతాదూ ఒకటే... తీసుకునే మెదడులో ఉంది తేడా. వేరుశనగ పల్లీలు ఊళ్లో అందరూ తింటారు, ఒకరికి మాత్రం ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పల్లీలని ల్యాబ్‌లో పరీక్షిస్తే తప్పు దొరుకుతుందా?

తర్వాత ఈ పరిశోధన కణాల దాకా వెళ్లింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌లకు స్పందించే జన్యువుల సముదాయం ఒకటి ఈ స్త్రీలలో వేరేగా పనిచేస్తోందని అదే సంస్థ 2017లో ప్రకటించింది. ప్రొజెస్టిరాన్ విరిగి ఏర్పడే ఓ పదార్థం మామూలుగా మెదడును శాంతపరుస్తుంది, ఇంచుమించు నిద్రమాత్రలా. పీఎండీడీలో అదే పదార్థానికి మెదడు తిరగబడినట్టు స్పందిస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇంకా తేలాల్సింది ఉంది. కానీ 'అంతా నీ మనసుల ఉంది' అన్న మాటకు జవాబు మాత్రం దొరికింది. మనసులో ఉన్నది ఒంట్లోనూ ఉంది.

నాయనమ్మల మాటలో సగం నిజం ఎందుకు కనిపిస్తుందో కూడా దీంతో అర్థమవుతుంది. 'పెళ్లయి నీళ్లోసుకుంటే అన్నీ సర్దుకుంటయ్' అంటారు చూడండి. నిజమే, గర్భంతో ఉన్నప్పుడు అండం విడుదల కాదు, నెలనెలా వచ్చే ఎగుడుదిగుళ్లు ఉండవు, జబ్బూ జోలికి రాదు. కాన్పయి, నెలసరి మళ్లీ మొదలయ్యాక అదీ తిరిగొస్తుంది. ఈసారి ఒళ్లో పసిబిడ్డ కూడా ఉంటుంది. పెళ్లిని వైద్యంగా రాసిచ్చే వాళ్లకి ఈ రెండో భాగం తెలియదు.

పక్కనే ఉంది... అయినా దూరమే

బోరబండ నుంచి ఎర్రగడ్డకి ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కితే నిమిషాల మీద పని. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడే. కానీ హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఓ బస్తీ పేరు కాదు, తిట్టు. సినిమాల్లో జోకు. పిల్లల కొట్లాటలో ఆఖరి అస్త్రం. తమ్ముడు కోపంలో అన్న మాట ఆ అమ్మాయి చెవిలో నెలల తరబడి మోగుతూనే ఉంటుంది. నిజంగా సైకియాట్రిస్టు అవసరం వచ్చిన రోజున 'ఎర్రగడ్డకు పోయొచ్చిందట' అని వాడకట్టు చెవులు కొరుక్కుంటే సంబంధాలు వస్తాయా? తల్లి భయం ఇదే. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేస్తే లాభం లేదు. ఆ భయానికి ఈ నగరంలో అందరం కలిసి ఎరువు వేశాం.

మరి ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డలో అంటే చేర్పించడమే అనుకుంటారు చాలామంది. అక్కడా అవుట్ పేషెంట్ విభాగం ఉంటుంది. చూపించుకుని, మందు రాయించుకుని సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. పేరు చూసి అడుగు పడకపోతే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మెట్రో స్టేషన్‌కి కూడా ఆ పేరే. నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి, సంస్థ ఈఎస్ఐ కడుతుంటే ఉద్యోగికీ కుటుంబానికీ చికిత్స ఖర్చు ఉండదు. ఐటీ కారిడార్‌లో అద్దాల మేడలు చూసి అందరూ లక్షలు సంపాదిస్తారనుకుంటాం గానీ హౌస్‌కీపింగ్, రిసెప్షన్, డేటా ఎంట్రీ, క్యాంటీన్... ఈ పనులు చేసే అమ్మాయిల్లో చాలామంది జేబులో ఈఎస్ఐ కార్డే ఉంటుంది. అది మెడికల్ కాలేజీ ఉన్న ఆసుపత్రి. గైనకాలజీ, సైకియాట్రీ రెండూ ఒకే ప్రాంగణంలో దొరుకుతాయి.

రెండూ ఎందుకంటే... ఈ జబ్బు ఆ రెండు విభాగాల గుమ్మాల మధ్య నిలబడి ఉంటుంది. గైనకాలజిస్టు దగ్గరికి వెళితే 'నెలసరి సక్రమంగానే ఉంది కదమ్మా' అంటారు. సైకియాట్రిస్టు దగ్గరికి నెలసరి వచ్చాక వెళితే అమ్మాయి నవ్వుతూ కూర్చుంటుంది. అపాయింట్‌మెంట్ బాగున్న రోజు దొరకడం ఈ జబ్బు ఆడే దొంగాట. అందుకే డాక్టరు ఎదుట చూపించడానికి ఓ సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఎర్ర చుక్కల క్యాలెండరే.

రోజుకో అంకె

పీఎండీడీని తేల్చే స్కానింగ్ లేదు. రక్తపరీక్ష లేదు. ఉన్నదల్లా రోజువారీ రాత. వరుసగా రెండు నెలసరులు దాటేదాకా ప్రతి రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు ఎలా గడిచిందో అంకెల్లో రాసుకోవాలి. డాక్టర్ల దగ్గర దీనికో పట్టిక ఉంది. దిగులు, ఆందోళన, కోపం, నిద్ర, తిండి, ఒంటి నొప్పులు... ఒక్కోదానికి 1 నుంచి 6 వరకు మార్కులు. 1 అంటే అసలు లేదు. 6 అంటే భరించలేనంత. ఆ పట్టిక దొరక్కపోయినా నోటుబుక్కు చాలు. ఫోన్ చాలు. గోడ క్యాలెండర్ గడిలో ఓ అంకె రాసినా పనికొస్తుంది. కాకపోతే నాయనమ్మ అడుగుతుంది, 'ఇదేం లెక్కే?' అని.

ఏ రోజుది ఆ రోజే రాయాలన్నది ముఖ్యం. నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే కుదరదు. బాధలో ఉన్నప్పుడు జీవితమంతా బాధే అనిపిస్తుంది, బాగున్నప్పుడు 'అంత ఘోరంగా ఏం లేదులే' అనిపిస్తుంది. గుర్తున్నదాన్ని బట్టి 'నాకు పీఎండీడీనే' అని వచ్చే వాళ్లలో రెండు నెలలు రాయించాక ఆ సంఖ్య బాగా తగ్గిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ అంచనాలోనూ అంతే. రోజువారీ రాత లేకుండా లెక్కవేస్తే నూటికి 7.7, రాయిస్తే సగం కన్నా తక్కువ.

మిగతా వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. వాళ్ల బాధ వేరొకటి. అంకెలు నెల పొడుగునా 4, 5 మీదే ఉండి నెలసరి ముందు 6కి చేరితే అది డిప్రెషన్ కావచ్చు, నెలసరి ముందు ముదురుతోందంతే. చికిత్స దారి మారుతుంది. థైరాయిడ్ తేడాలూ, రక్తహీనతా ఇలాంటి వేషాలే వేస్తాయి, వాటికి పరీక్షలు చేయించాలి. ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఉందేమో చూడాలి. అది ఉన్నవాళ్లకి డిప్రెషన్ మందులు గుడ్డిగా ఇస్తే వికటిస్తాయి. పీఎండీడీ అయితే మాత్రం కాగితం మీద కొండా లోయా స్పష్టంగా కనిపిస్తాయి. రెండు వారాలు ఒకట్లు, రెండ్లు... ఆ తర్వాత నిట్టనిలువుగా అయిదులు, ఆర్లు... నెలసరి రాగానే ధడాలున ఒకట్లు.

కాగితం డాక్టరుకి ఉపయోగపడేది తర్వాత. ముందుగా ఉపయోగపడేది రాసిన అమ్మాయికే. 'నా బుద్ధే ఇంత' అనుకున్నది ఇన్నాళ్లూ. పద్దెనిమిదో తేదీన మొదలై ఇరవై ఎనిమిదిన పోయేది బుద్ధి ఎలా అవుతుంది?

మాత్రలంటే భయం

చికిత్స ఉంది. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులు ముందు వరుసలో ఉంటాయి. అవి డిప్రెషన్‌కి వాడేవే. డిప్రెషన్‌లో పనిచేయడానికి వారాలు పడుతుంది. పీఎండీడీలో కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. అందుకే కొందరికి నెలంతా కాకుండా నెలసరికి ముందు రెండు వారాలే ఇస్తారు. ఇవి మత్తు మాత్రలు కావు, మందు అలవాటైపోయి బానిసలవుతారన్నదీ అపోహే. అలాగని పక్కింటావిడకి రాసిచ్చిన చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్లే వ్యవహారమూ కాదు. వికారం, నిద్ర తేడాలు ఉండొచ్చు. ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరిక కూడా ఉంది కాబట్టి కొత్తలో ఇంట్లో వాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకో దారి డ్రోస్పిరినాన్ ఉన్న గర్భనిరోధక మాత్ర. అమెరికా ఔషధ సంస్థ 2006లో దీన్ని పీఎండీడీకి ఆమోదించింది. ఇది అందరికీ సరిపడదు. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్లకి ప్రమాదం. మన ఇళ్లలో ఇంతకంటే పెద్ద అడ్డంకి వేరే ఉంది. పెళ్లికాని అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్‌లో ఆ మాత్రల అట్ట కనిపిస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. డాక్టరు చీటీని ముందే తల్లికి చూపించడం మేలు.

మాటల చికిత్స కొందరికి బాగా సాయపడుతుంది. నడక, వ్యాయామం, వేళకి నిద్ర మంచివే, వాటితోనే తీవ్రమైన పీఎండీడీ తగ్గిపోతుందని చెబితే మాత్రం అతిశయోక్తి. 'పొద్దున్నే లేచి యోగా చెయ్యి, అన్నీ పోతాయి' అన్న సలహా ఆ పది రోజుల్లో ఉన్న మనిషికి గాయం మీద కారం. ఏ మందూ పనిచేయని కొద్దిమందికి అండాశయాలను తాత్కాలికంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్లు ఇస్తారు. ఆపరేషన్ అన్నది చిట్టచివరి మాట.

ఇక్కడే ఇంకో సంగతి. తిరుపతి ప్రయాణమో, ఇంట్లో పెళ్లో ఉంటే నెలసరి వాయిదా మాత్రలు మింగించడం మనకి మామూలైపోయింది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. అవి ప్రొజెస్టిరాన్ తరహావి. ఈ హార్మోన్‌కే తిరగబడే మెదడున్న అమ్మాయికి ఆ మాత్రలు దిగులును మరింత పెంచొచ్చు. అలాంటి అనుభవం ఒకసారి ఎదురై ఉంటే తప్పకుండా డాక్టరుకి చెప్పాలి.

జబ్బా, ముద్రా?

ఈ బాధను మొదటిసారి వైద్య పత్రికకెక్కించింది న్యూయార్క్ డాక్టరు రాబర్ట్ ఫ్రాంక్, 1931లో. పదిహేను మంది స్త్రీల గురించి రాశారు. తీవ్రంగా ఉన్నవాళ్ల అండాశయాలకి ఎక్స్‌రేలు పట్టించారట. ఆ రోజుల వైద్యం అది! 1953లో ఇంగ్లండ్‌లో క్యాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ కలిసి దానికి ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నెలసరి ముందు వచ్చే తన సొంత తలనొప్పి, గర్భంతో ఉన్నప్పుడు మాయమవడం గమనించి డాల్టన్ ఇందులో దిగారు. 1987లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని జబ్బుల పుస్తకం అనుబంధంలో చేర్చింది. అసలు పుస్తకంలోకి రావడానికి 2013 దాకా పట్టింది.

ఇరవై ఆరేళ్లు ఎందుకు? అడ్డుపడిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదన తేలికైంది కాదు. 'నెలకోసారి ఆడదానికి మతి తప్పుతుంది అని పుస్తకంలో రాసిచ్చేస్తే రేపు ఉద్యోగం, ప్రమోషన్, పిల్లల కస్టడీ అన్నిటికీ దాన్నే అడ్డం పెడతారు' అన్నారు. మందుల కంపెనీల మీదా అనుమానం. 2000లో ఫ్లూక్సెటిన్‌ని గులాబీ రంగు గొట్టంలో కొత్త పేరుతో పీఎండీడీ మందుగా అమెరికాలో దించారు. పాత మందుకి కొత్త గిరాకీ కోసం జబ్బును పెంచి చూపుతున్నారని గొడవ. యూరప్ నియంత్రణ సంస్థ 2003లో ఆ వాడకాన్ని ఒప్పుకోలేదు కూడా. చివరికి 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాకి దేశాల ఆమోదం దొరికింది. 2022 నుంచి అమల్లో ఉన్న ఆ జాబితాలో పీఎండీడీకి చోటుంది. అదీ ముందుగా స్త్రీల వ్యాధుల విభాగంలో.

వాళ్ల భయం మాత్రం పూర్తిగా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. పేరు పెట్టడంతో ఏ అమ్మాయి కోపానికైనా 'డేట్ దగ్గర పడ్డదా?' అని వెక్కిరించే వాళ్లకి మరో మాట దొరికినట్టే. పీఎండీడీ ఉన్న అమ్మాయికి ఆఫీసులో నిజంగానే అన్యాయం జరగొచ్చు. ఆ పది రోజుల్లో జరిగితే అది అన్యాయం కాకుండా పోదు. రాజస్థాన్ హైకోర్టు 2018లో ఇచ్చిన ఓ తీర్పునూ జాగ్రత్తగా చదవాలి. 1981లో ముగ్గురు పిల్లలను బావిలో తోసిందన్న కేసులో, వాళ్లలో ఒకరు చనిపోయారు, నెలసరి ముందు వచ్చే మానసిక స్థితిని లెక్కలోకి తీసుకుని నిందితురాలిని నిర్దోషిగా విడిచిపెట్టింది కోర్టు. అది ఒకే ఒక్క కేసు. దాన్ని పట్టుకుని ఈ జబ్బున్న వాళ్లంతా ప్రమాదకరం అనుకుంటే పొరపాటు. ఎక్కువగా వాళ్ల వల్ల ప్రమాదం వాళ్లకే. పీఎండీడీ నిర్ధారణ అయిన 599 మందితో చేసి 2022లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో మూడింట ఒక వంతు మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పారు.

ఇంట్లో వాళ్లు గుండె దిటవు చేసుకుని చదవాల్సిన వాక్యం అదే. 'చచ్చిపోవాలనిపిస్తోంది' అని ఆ పిల్ల అంటే 'మళ్లీ మొదలుపెట్టింది' అనకూడదు. నెలనెలా అంటోందని దాని బరువు తగ్గదు. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. 14416 టెలి మానస్ నంబరు. 2022 అక్టోబర్‌లో మొదలైంది. డబ్బు ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడొచ్చు. అర్ధరాత్రి కూడా ఎత్తుతారు.

మిగతా రోజుల్లో చేయగలిగింది ఏమిటంటే, బాగున్న వారంలో మాట్లాడుకోవడం. గొడవ మధ్యలో 'నీకు ఆ రోజులొచ్చినయ్' అంటే పెట్రోలు పోసినట్టే. అదే నెలసరి అయిన నాలుగో రోజున తల్లీ కూతురూ క్యాలెండర్ ముందు నిలబడి 'ఈ గళ్లల్ల పెండ్లి చూపులు పెట్టొద్దు, ఈ గళ్లల్ల ఉద్యోగం మానేస్తానన్నా మెయిల్ పంపొద్దు, నాకు చూపించినంకనే' అని ఒప్పందం చేసుకోవచ్చు. రెండు గదుల ఇంట్లో ఒక గదిని గంటసేపు ఖాళీ చేసివ్వడం కూడా వైద్యంలో భాగమే. సంబంధం కుదిరేటప్పుడు చెప్పాలా వద్దా అన్నది ప్రతి తల్లినీ తొలిచే ప్రశ్న. దాచి చేసిన పెళ్లిలో తొలి నెల ఇరవయ్యో తేదీకి అదెలాగూ బయటపడుతుంది. కొత్త కోడలు 'రంకెలేస్తోంది' అన్న పేరు పడ్డాక జబ్బని చెబితే నమ్మే అత్తవారు తక్కువ. మందులు వాడుతూ పిల్లలు కనాలనుకుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. దానికీ మార్గాలున్నాయి.

ఇక సెలవు సంగతి. బిహార్ ప్రభుత్వం 1992 నుంచే మహిళా ఉద్యోగులకి నెలకి రెండు రోజులు ప్రత్యేక సెలవు ఇస్తోంది. నెలసరి సెలవు మీద దేశంలో చర్చ మళ్లీ మళ్లీ లేస్తోంది. కడుపునొప్పితో మెలికలు తిరిగే వాళ్లకి అది వరమే. పీఎండీడీ ఉన్న అమ్మాయికి మాత్రం ఆ రెండు రోజులూ ఊపిరి పీల్చుకునే రోజులు. పాత ఇళ్లలోనూ ఇదే తమాషా. 'మూడు రోజులు' వేరే కూర్చోబెట్టి ఏ పనీ ముట్టుకోనివ్వరు, అప్పటికి పిల్ల మనసు కుదుటపడి ఉంటుంది. దానికి ముందు పది రోజులు మాత్రం నీళ్లు పట్టు, రొట్టెలు చెయ్యి, డ్యూటీకి పో. ఆచారమూ రూలూ రెండూ రక్తం కనబడ్డ రోజునే చూస్తున్నాయి. ఈఎస్ఐ ఉన్న అమ్మాయికైతే డాక్టరు సర్టిఫికెట్ మీద ఆ ముందు రోజుల్లోనే అనారోగ్య సెలవు తీసుకునే వీలుంది. అర్హత ఉంటే సంవత్సరంలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చొప్పున భత్యం వస్తుంది. సర్టిఫికెట్ రాయాలంటే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్నో తేదీ నుంచి ఎన్నో తేదీ దాకా?' అనే.